టేబుల్‌టాప్ ఆర్‌పీజీ డిజైన్ బాగుందో లేదో తేల్చుకోవడం ఎలా: బల్ల దగ్గర చేసే పరీక్షలు

మూడేళ్ల కిందట ఒక లావుపాటి ఆర్‌పీజీ (రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే తలా ఒక పాత్ర వేసుకుని మాటలతో ఆడే ఆట) పుస్తకం కొన్నాను. పేరు చెప్పను. గట్టి అట్ట, నాలుగు వందల పేజీలు, పేజీ తిప్పితే చాలు ఒక రంగుల బొమ్మ. కస్టమ్స్ సుంకంతో కలిపి ఎంతయిందో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. నెల రోజులు రాత్రిళ్లు కూర్చుని చదివాను. చదువుతున్నంతసేపూ అద్భుతంగా ఉంది. తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం కూకట్‌పల్లిలో మా ఇంట్లో ఐదుగురం ఆడటానికి కూర్చున్నాం. రెండు గంటలు గడిచేసరికి ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు. మా చెల్లెలు టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లి మళ్లీ రాలేదు. నేను 87వ పేజీకీ 212వ పేజీకీ మధ్య తిరుగుతూ చెమటలు కక్కుతున్నాను.

తర్వాతి వారం ఒక్క కాగితం ప్రింట్ తీసుకుని కూర్చున్నాం. ‘లేజర్స్ అండ్ ఫీలింగ్స్’. జాన్ హార్పర్ 2013లో ఉచితంగా ఇచ్చిన ఒక్క పేజీ ఆట. అందులో ప్రతి పాత్రకూ ఉండేది ఒకే ఒక్క అంకె, 2 నుంచి 5 లోపు. యంత్రం, శాస్త్రం, తాపీగా లెక్కగా చేసే పని అయితే అది ‘లేజర్స్’: ఆరు ముఖాల పాచిక మీద ఆ అంకె కంటే తక్కువ పడాలి. బతిమాలడం, బుజ్జగించడం, ఆవేశపడటం అయితే ‘ఫీలింగ్స్’: అంకె కంటే ఎక్కువ పడాలి. సరిగ్గా అదే అంకె పడితే కథ నడిపేవాళ్లని ఒక ప్రశ్న అడగొచ్చు, వాళ్లు నిజమే చెప్పాలి. 5 ఎంచుకున్నవాడు యంత్రాల దగ్గర పులి, మనుషుల దగ్గర పిల్లి. మా బావ ఆ 5 రాసుకుని రెండు నిమిషాల్లో ఒక మనిషిని తయారుచేశాడు: ఓడ ఇంజిన్‌ని ‘బంగారం’ అని పిలుస్తాడు, తోటివాళ్ల మొహం చూసి మాట్లాడలేడు. మూడు గంటలు ఎవరూ లేవలేదు. టీ కూడా మర్చిపోయాం.

ఆ రెండు ఆదివారాల మధ్య తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు ఇంకా చాలా ఆదివారాలు పట్టాయి. ఇప్పుడు కొత్త ఆట చేతికొస్తే ఒక వరస పాటిస్తాను. అదే ఇక్కడ రాస్తున్నాను. దీని వెనక ఉన్న నమ్మకం ఒకటే: ఆర్‌పీజీ డిజైన్ అంటే పుస్తకంలో ఉన్న కథలూ బొమ్మలూ కావు, ఆ రూల్స్ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల చేత ఏం మాట్లాడిస్తున్నాయి, ఏం చేయిస్తున్నాయి అన్నదే.

ఈ ఆటలు కొత్త అయినవాళ్లకు రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ ఆటలు అచ్చులోకి వచ్చాయి. ఒకరు గేమ్ మాస్టర్, పొట్టిగా జీఎం: లోకాన్ని, అందులోని మిగతా జనాన్ని ఆడిస్తారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ‘నువ్వు తలుపు దగ్గరున్నావు, ఏం చేస్తావ్?’ ‘చెవి ఆనించి వింటాను.’ ఈ మాటల మధ్య ఎక్కడో పాచికలు పడతాయి. మన బుర్రకథలో కథకుడు చెబుతుంటే వంతలు అడ్డు తగిలి హాస్యమో రాజకీయమో దూరుస్తారు కదా, ఆ వంతలకి కథను మలుపు తిప్పే హక్కు కూడా ఇస్తే ఎలా ఉంటుందో అలా.

మొదటి మెట్టు: ఆట ఇచ్చిన మాట ఒక్క వాక్యంలో రాయండి

రూల్స్‌లోకి పోకముందే నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయండి: ఈ ఆట నాకు ఏం ఇస్తానంటోంది? ముందుమాట, అట్ట వెనక రాసింది చదివితే సరిపోతుంది. స్టీఫెన్ డ్యూయీ 2015లో తెచ్చిన ‘టెన్ క్యాండిల్స్’ దాపరికం లేకుండా చెప్పేస్తుంది: మీ పాత్రలన్నీ చివరికి చచ్చిపోతాయి, ఎలా పోయారన్నదే కథ. అలాంటి ఆటని పట్టుకుని ‘పాత్ర ఎదగడానికి దారే లేదు’ అంటే ఇడ్లీ దోశలా కరకరలాడలేదని హోటల్‌వాడితో గొడవపడ్డట్టే.

ఈ వాక్యం రాయలేకపోతున్నారంటే అది కూడా ఒక ఫలితమే. నా లావుపాటి పుస్తకానికి మూడుసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ ‘ఇందులో ఏమైనా చేయొచ్చు’ దగ్గరే ఆగిపోయాను. ఏమైనా చేయొచ్చన్న ఆటలో ఏం చేయాలో ఎవరికీ తెలియదని ఆ ఆదివారమే తేలింది.

రెండో మెట్టు: ఆట దేన్ని లెక్కపెడుతోంది, దేనికి బహుమతి ఇస్తోంది?

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు, అంకెలు రాసుకునే కాగితం) ముందు పెట్టుకుని అందులో అంకెలున్న గడులన్నిటికీ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. తర్వాత పాత్ర ఎదగడానికి ఏం చేయాలో చెప్పే పేజీ వెతకండి. ఈ రెండూ చూస్తే చాలు, మీ స్నేహితులు రేపు బల్ల దగ్గర ఎలా ప్రవర్తిస్తారో ముందే చెప్పొచ్చు.

తొలినాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ సంగతి చూడండి. అప్పట్లో బయటికి మోసుకొచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో అనుభవ పాయింటు. రాక్షసుణ్ని చంపితే వచ్చేది దాంతో పోలిస్తే చిల్లర. దాంతో ఆటగాళ్లు ఏం చేస్తారు? పోట్లాట తప్పించుకుంటారు. రాక్షసుడు నిద్రపోయేదాకా ఆగుతారు, లంచం ఇస్తారు, వెనక దారి వెతుకుతారు. తర్వాతి ఎడిషన్లలో బంగారానికి పాయింట్లు పక్కకెళ్లి, చంపితే వచ్చే పాయింట్లు ముందుకొచ్చాయి. అదే నేలమాళిగ, అవే రాక్షసులు, కానీ ఆటగాళ్లు తలుపు తన్ని లోపలికి దూకడం మొదలుపెట్టారు. ఏది గొప్ప అన్న వాదన వేరు. ఒక్క బహుమతి రూల్ మారితే మనుషుల నడవడికే మారిపోయిందన్నది గమనించండి.

‘కాల్ ఆఫ్ కథూలూ’ 1981లో శాండీ పీటర్సన్ రాసింది. భయానక ఆట. అందులో మతిస్థిమితానికి ఒక అంకె ఉంటుంది, ఘోరాలు చూసినకొద్దీ తగ్గుతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. నన్ను కట్టిపడేసింది పక్కన ఉన్న చిన్న రూల్: ఆ ఘోర రహస్యాల గురించిన జ్ఞానానికి వేరే నైపుణ్యం ఉంది, అది ఎంత పెరిగితే మతిస్థిమితం గరిష్ఠ పరిమితి 99 నుంచి అంత తగ్గుతుంది. అంటే కేసు ఛేదించాలంటే చదవాలి, చదివితే పిచ్చెక్కుతుంది. ‘తెలుసుకోవడమే ప్రమాదం’ అని ఏ పేజీలో ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు; రెండు అంకెలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, అంతే. మా బృందంలో బ్యాంకు ఉద్యోగి ఒకరు ఆ పుస్తకం తెరవాలా వద్దా అని పావుగంట మథనపడ్డారు. ఆ పావుగంట డిజైనర్‌ది.

ఇంకొక ఉదాహరణ, దొంగల ముఠా ఆట ‘బ్లేడ్స్ ఇన్ ది డార్క్’, 2017, మళ్లీ జాన్ హార్పరే. దోపిడీ కథలు ఆడినవాళ్లందరికీ ఒక బాధ తెలుసు: దొంగతనం పది నిమిషాలు, దానికి ప్లాను రెండు గంటలు. ఇందులో ఆ రెండు గంటలు కోసేశారు. మోసుకెళ్లే బరువు తక్కువా, మామూలా, ఎక్కువా అని మాత్రం ముందే చెప్పాలి. సంచిలో ఏముందో అవసరం పడ్డప్పుడు చెప్పొచ్చు. కాపలావాడు ఎదురొస్తే ‘వీడికి నిన్న సాయంత్రమే డబ్బులిచ్చాను’ అని ఫ్లాష్‌బ్యాక్ వేసుకోవచ్చు, దానికి బదులు పాత్ర షీట్‌లో ‘ఒత్తిడి’ అనే అంకె కొంత పెరుగుతుంది. అనవసరంగా ముందే ప్లాన్ వేసుకునే అలవాటుని తిట్టకుండా, దాని అవసరాన్నే లేకుండా చేశారు. ఒక రూల్ ఏ ఇబ్బందిని తీర్చడానికి పుట్టిందో మీకు కనిపించిందంటే మంచి డిజైన్ దగ్గర్లో ఉన్నారన్నమాట.

ఇప్పుడు మొదటి మెట్టులో రాసిన వాక్యం పక్కన ఈ జాబితా పెట్టండి. స్నేహం గురించిన ఆట అంటూ షీట్‌లో పది రకాల కత్తులుంటే మీకు సమాధానం దొరికినట్టే.

మూడో మెట్టు: పాచికల్ని నమ్మకండి, లెక్క వేయండి

లెక్కలంటే భయపడక్కర్లేదు. అష్టాచెమ్మా ఆడినవాళ్లకి ఇది వేళ్లకే తెలుసు. నాలుగు గవ్వలు వేస్తే రెండు పడటం మామూలు, అష్టా పడటం అరుదు. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే పదహారు విధాల్లో రెండుకి ఆరు, చెమ్మాకి ఒకటి, అష్టాకి ఒకటి. అందుకే అష్టా పడితే అమ్మమ్మ కూడా అరిచేది. ఆ అరుపుని తయారుచేసింది గవ్వల సంఖ్యే.

ఇరవై ముఖాల పాచిక అలా కాదు. 1 అయినా 11 అయినా 20 అయినా ఒక్కోదానికి 5 శాతమే. ఊగిసలాట ఎక్కువ, ఆరితేరిన వీరుడు కూడా నిచ్చెన మీంచి జారిపడొచ్చు. ఆట వీరగాథలా గంభీరంగా ఉండాలనుకుంటే అది ఇబ్బంది, అల్లరిగా ఉండాలనుకుంటే వరం.

దీనికి పక్కన విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ 2010లో తెచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’ పెట్టి చూడండి. రెండు ఆరు ముఖాల పాచికలు వేసి కూడాలి. 10 ఆ పైన పడితే పని అయింది. 7 నుంచి 9 పడితే అయింది కానీ ఏదో మూల్యం ఉంది. 6, అంతకంటే తక్కువ అయితే జీఎం చేతిలోకి పోయింది. రెండు పాచికలకి 36 విధాలు. ఏ అదనపు బలమూ లేనివాడికి ఆ మూడు ఫలితాలు వరసగా 6, 15, 15. ఒకటి కలిపితే 10, 16, 10. రెండు కలిపితే 15, 15, 6. ఈ మూడు వరసల మధ్య అంకె చూడండి: 15, 16, 15. పాత్ర రెండు కలిపేదాకా బలపడినా ‘అయింది, కానీ...’ అన్న ఫలితం దాదాపు కదలదు. గెలుపు పెరుగుతుంది, ఓటమి తగ్గుతుంది, చిక్కు మాత్రం అక్కడే కూర్చుంటుంది. ఆట మొత్తం ఆ ‘కానీ’ మీదే నడుస్తుంది. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజు నాకు ఆ ఆట మీద గౌరవం రెట్టింపైంది.

లెక్క అయ్యాక ఒక్క ప్రశ్న: పాచిక తప్పితే ఏం జరుగుతుంది? చాలా ఆటల్లో సమాధానం ‘ఏమీ జరగదు’. తాళం తెరుచుకోలేదు. మళ్లీ వేస్తావా? వేస్తాను. తెరుచుకోలేదు. బల్ల దగ్గర మనుషులు చచ్చిపోయేది రాక్షసుల వల్ల కాదు, ఈ తాళాల వల్ల. పరిశోధన కథల్లో ఇది మరీ ఘోరం. ఆధారం దొరకడానికి వేసిన పాచిక తప్పితే కథే ఆగిపోతుంది. రాబిన్ లాస్ 2007లో ‘గమ్‌షూ’ అనే పద్ధతి తెచ్చి ఈ ముడిని ఒక్క వేటుతో తెంచాడు: కథకి కీలకమైన ఆధారానికి పాచికే లేదు. సరైన నైపుణ్యం ఉన్నవాళ్లు సరైన చోట వెతికితే దొరుకుతుంది. ఆధారం దొరికిందా అన్న ఉత్కంఠ పోయి, దొరికినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న ఉత్కంఠ మిగిలింది. డిటెక్టివ్ కథ చదివేవాళ్లకి కావలసిందీ అదే కదా.

నాలుగో మెట్టు: జీఎంని తీసేసి చూడండి

‘ఆడలేక మద్దెల ఓడు’ అంటాం. ఈ ఆటల్లో దానికి తలకిందుల ప్రమాదం ఉంది: మద్దెల నిజంగానే ఓటిదైనా, ఆడేవాడు ఘనుడైతే తెలియదు. మంచి జీఎం చేతిలో వంట పుస్తకం కూడా మంచి ఆటే. కాబట్టి సెషన్ బాగుంటే ఆ ఘనత ఎవరిదో విడదీయాలి.

దీనికి నేను చేసేది ఇది. ఎప్పుడూ జీఎం చేయని మనిషికి పుస్తకం ఇచ్చి, ‘వచ్చే వారం నువ్వు నడుపు, నేను ఆడతాను’ అంటాను. మా చెల్లెలు అలా బలైంది చాలాసార్లు. నేను మాత్రం పెన్ను పట్టుకుని గీతలు పెడతాను: తను రూల్ దొరక్క సొంతంగా కల్పించిన ప్రతిసారి ఒక గీత, రూల్ ఉన్నా తెలిసే వదిలేసిన ప్రతిసారి ఇంకో గీత. కల్పించినవి ఎక్కువైతే పుస్తకం తన పని జీఎం నెత్తిన పెట్టిందన్నమాట. వదిలేసినవి ఎక్కువైతే ఆ రూల్స్ అక్కడ అలంకారానికి ఉన్నట్టు. నా లావుపాటి పుస్తకంలో భారం మోసే లెక్కకి మూడు పేజీలు ఉన్నాయి; ఎవరూ ఒక్కసారి కూడా వాడలేదు.

‘జీఎం తన వివేకం ఉపయోగించాలి’ అన్న వాక్యం పుస్తకంలో ఎన్నిసార్లు వచ్చిందో కూడా లెక్కపెట్టండి. వివేకం ఎలా ఉపయోగించాలో చెప్పకుండా ఆ మాట రాయడం చేతులు దులుపుకోవడమే. అపోకలిప్స్ వరల్డ్‌లో జీఎంకి వేరే అధ్యాయమే ఉంది: ఆటలో నీ లక్ష్యాలు ఇవి, పాటించాల్సిన సూత్రాలు ఇవి, ఓటమి పడినప్పుడు నువ్వు చేయగలిగే పనులు ఇవి అని జాబితాలతో సహా. దాని తర్వాత వచ్చిన ఎన్నో ఆటలు ఆ పద్ధతినే పట్టుకున్నాయి. మొదటిసారి నడిపేవాళ్లకి అది అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉంటుంది.

ఐదో మెట్టు: పుస్తకాన్ని పనిముట్టుగా చూడండి

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. ఇక్కడ ఆ మెతుకు: ఒకరు గడియారం పట్టుకోవాలి, ఇంకొకరు ‘నీళ్లలో మునిగితే ఏమవుతుంది?’ లాంటి ప్రశ్న వేయాలి, మీరు జవాబు వెతకాలి. అర నిమిషంలో దొరికితే బాగున్నట్టు. రెండు నిమిషాలు దాటితే ఆదివారం మధ్యాహ్నం ఏమవుతుందో పైన చెప్పాను.

ఈ విషయంలో ఐజాక్ విలియమ్స్ చేసిన ‘మౌస్‌రిటర్’ని దగ్గరగా చూడటం మంచిది. 2020 నాటి చిన్న ఆట, ఆటగాళ్లంతా కత్తి పట్టిన చిట్టెలుకలు. షీట్‌లో సామాన్లకి గడులుంటాయి. కత్తి, దీపం, రొట్టె ప్రతిదీ చిన్న కాగితం ముక్క. కత్తిరించి ఆ గడుల్లో పెట్టుకోవాలి. పెద్ద ఆయుధానికి రెండు గడులు. ఇంతవరకు ముచ్చటగా ఉంది అనుకుంటాం. తర్వాత మీ ఎలుకకి ఆకలేస్తుంది. ‘ఆకలి’ కూడా ఒక కాగితం ముక్కే, అదీ ఒక గడిలో కూర్చుంటుంది. సంచి నిండుగా ఉంటే? ఏదో ఒకటి కింద పారేయాలి. మొదటిసారి ఆడినప్పుడు పక్కింటి పిల్లాడు, తొమ్మిదేళ్లవాడు, ఆకలి ముక్క చేత్తో పట్టుకుని తన గడులవంక చూస్తూ ఉండిపోయాడు. దీపం తీసేయాలా, తాడు తీసేయాలా? వాడికి ఎవరూ రూల్ చెప్పలేదు. చేతిలో ముక్క ఉంది, పెట్టడానికి చోటు లేదు. ఏ లెక్కలూ లేకుండా భారం, ఆకలి, భయం మూడూ ఒకే చోట తేలిపోయాయి. మూడు పేజీల భారం లెక్కతో నా లావుపాటి పుస్తకం చేయలేని పని ఇది.

అందం అక్కర్లేదనుకోకండి. స్వీడన్ నుంచి వచ్చిన ‘మోర్క్ బోర్గ్’ పసుపూ నలుపూ గులాబీ రంగులతో, అరుస్తున్నట్టుండే అక్షరాలతో ఉంటుంది. కానీ అసలు రూల్స్ కొద్ది పేజీల్లో, వెతికితే దొరికేలా ఉన్నాయి. లోకం అంతమవుతోందన్న భావన ఆ పేజీలు తిప్పుతుంటేనే కలుగుతుంది. అక్కడ బొమ్మ కూడా పని చేస్తోంది. బొమ్మ ఖాళీ నింపడానికి వచ్చిందా, పని చేయడానికి వచ్చిందా అన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆరో మెట్టు: మూడుసార్లు ఆడండి, ఒకసారి పూర్తిగా తెలుగులో

ఒకసారి ఆడి తీర్పు చెప్పకండి. మొదటిసారి రూల్స్ నేర్చుకోవడంతోనే సరి. మీకు కుదరకపోతే ఒక్కసారైనా వేరేవాళ్లు ఆడుతుంటే పక్కన కూర్చుని చూడండి, నోరు విప్పకుండా. అది ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

చూస్తున్నప్పుడు మొహాలకంటే చేతుల్ని గమనించండి. ‘డ్రెడ్’ అనే భయానక ఆటలో పాచికలే ఉండవు; బల్ల మీద జెంగా గోపురం (ఒకదానిమీద ఒకటి పేర్చిన చెక్క ముక్కలు) ఉంటుంది. ప్రమాదకరమైన పని చేయాలంటే ఒక చెక్క లాగాలి. లాగకపోతే పని అవదు, కానీ బతుకుతావు. గోపురం కూలితే నీ పాత్ర పోయినట్టే. కావాలని కూల్చేస్తే త్యాగం: అనుకున్నది సాధించి పోతావు. మా ఇంట్లో ఆడిన రాత్రి కరెంటు కూడా పోయింది, అది అదృష్టమనే చెప్పాలి. ఎమర్జెన్సీ లైటు వెలుగులో బ్యాంకు ఉద్యోగి వేలు చెక్క మీద పెట్టారు. కొద్దిగా కదిపారు, ఆగారు. ‘ఆ గదిలోకి వెళ్లక్కర్లేదేమో’ అన్నారు. సినిమాలో అయితే ‘వెళ్లకురా’ అని మనం అరుస్తాం. ఇక్కడ పాత్ర భయం, మనిషి భయం ఒకే వేలి కొస మీద ఉన్నాయి. భయాన్ని వర్ణించే ఆటలు చాలా ఉన్నాయి, ఇది భయపెడుతుంది.

ఇక తెలుగు. రూల్స్ ఇంగ్లీషులో చదివినా సరే, ఆడేటప్పుడు తెలుగులో ఆడి చూడండి. కాపలావాడితో ‘నువ్వు’ అనాలా ‘మీరు’ అనాలా అన్నదగ్గరే పాత్ర తేలిపోతుంది. ఆట బలం దాని ఇంగ్లీషు మాటల గారడీలో ఉంటే ఇక్కడ ఆవిరైపోతుంది, రూల్స్‌లో ఉంటే నిలబడుతుంది. దీనికి ‘డయలెక్ట్’ని మించిన పరీక్ష నాకు కనబడలేదు. థోర్నీ గేమ్స్ 2018లో తెచ్చింది. లోకానికి దూరంగా బతికే ఒక చిన్న సమూహం, వాళ్ల భాష పుట్టడం, చచ్చిపోవడం, అదే ఆట. వంతు వచ్చినవాళ్లు ఒక కార్డు వేసి, సమూహం జీవితంలోంచి ఒక కొత్త మాట పుట్టించాలి. తర్వాత ఆ మాట వాడుతూ ఇద్దరు మాట్లాడుకోవాలి. మేము పాపికొండల దగ్గర ముంపుకి గురవబోయే ఊరు అనుకున్నాం. నీటిమట్టం గీసిన రాయిని ‘మావయ్య’ అన్నాం: ‘మావయ్య దాకా వచ్చాయి నీళ్లు’. ఆటలో మూడో దశకి వచ్చేసరికి ఆ మాటతో నవ్వడం మానేశాం. చివర్లో ఊరు వదిలిన మనవరాలి పాత్ర, పట్నంలో పుట్టిన కొడుక్కి ‘మావయ్య అంటే రాయిరా’ అని చెప్పబోయి ఆపేసింది. ఇంగ్లీషులో రాసిన ఆట తెలుగులో అంత లోతుగా దిగిందంటే అది అనువాదం గొప్పతనం కాదు, మాట పుట్టించు, వాడు, పోగొట్టుకో అన్న ఆ మూడు రూల్స్ గొప్పతనం.

మన నేల మీద కథలున్న ఆటలకీ ఇదే కొలత. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2022లో తెచ్చిన సాహసాల సంపుటిలో మిమీ మండల్ రాసిన కథ ఉంది, బెంగాల్ నదుల, బురద నేలల ఛాయతో. అలాంటిది చేతికొచ్చినప్పుడు పేర్లు చూసి మురిసిపోకుండా, ఆ నేల ఆటగాళ్ల నిర్ణయాలని మారుస్తోందా అని చూడండి. నది పొంగితే ప్లాను మారాలి. చీరలూ గుళ్లూ మార్చి అదే పాత కోట పెడితే సెట్టింగ్ మార్చినట్టే, డిజైన్ కాదు.

ఆట అయ్యాక అభిప్రాయం అడగడంలో మనకో చిక్కు ఉంది. ‘ఎలా ఉంది?’ అంటే మనవాళ్లు ‘బాగుందన్నా’ అంటారు. మొహమాటం. అలా అడగకండి. ‘ఎక్కడ తేల్చుకోలేకపోయావు?’, ‘ఎప్పుడు ఫోన్ చూడాలనిపించింది?’, ‘నీ పాత్ర షీట్‌లో ఎప్పుడూ తాకని గడి ఏది?’ అని అడగండి. మూడో ప్రశ్నకి నిజం ఎప్పుడూ వస్తుంది.

ఇంకొకటి చూడాలి: ఆట కష్టమైన విషయాలు ముట్టుకుంటే, ఆగమని చెప్పే దారి ఇచ్చిందా? ఏ విషయాలు అసలు రాకూడదు, ఏవి తెర వెనకే ఉండాలి అని ముందే మాట్లాడుకోవడం, ఇబ్బంది అనిపిస్తే కార్డు ముట్టుకుని కారణం చెప్పకుండా ఆపడం ఇప్పుడు బాగా అలవాటైన పద్ధతులు. వాటిని చివరి పేజీలో అంటించారా, ఆటలో కలిపారా చూడండి.

ఏడో మెట్టు: అవార్డులని చదవడం నేర్చుకోండి

అవార్డు స్టిక్కర్ చూసి కొనేవాళ్లున్నారు, అవార్డు అంటేనే ముఖం తిప్పేవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎన్నుకున్నారో తెలిస్తే రెండూ అక్కర్లేదు.

ఎక్కువగా వినిపించేవి ‘ఎన్నీ’ (ENnie) అవార్డులు. 2001లో మొదలయ్యాయి, అమెరికాలో ఇండియానాపొలిస్‌లో జరిగే జెన్ కాన్ అనే ఆటల సమ్మేళనంలో ఇస్తారు. ఐదుగురు న్యాయనిర్ణేతలు నామినీలని ఎంచుతారు, ఆపైన ఎవరైనా ఓటేయొచ్చు. అంటే నామినీల జాబితాలో శ్రమ ఉంది, విజేతలో అభిమానుల సంఖ్య కూడా కలిసి ఉంది. నేను ఎప్పుడూ జాబితానే చదువుతాను. పెద్ద కంపెనీ పుస్తకాల మధ్య పేరు వినని చిన్న పుస్తకం నామినేట్ అయిందంటే అది ఐదుగురు చదివినవాళ్లు పట్టుబట్టి పెట్టింది. ఆరిజిన్స్ అవార్డులు ఇంకా పాతవి, 1970ల నుంచి ఉన్నాయి.

నాకు ఇష్టమైంది డయానా జోన్స్ అవార్డు. దాని కథే ఒక కథ. 1980ల్లో టీఎస్ఆర్ కంపెనీ ఇండియానా జోన్స్ ఆట వేసింది. లైసెన్సు అయిపోయాక మిగిలిన ప్రతులు నాశనం చేయాల్సి వచ్చింది. వాళ్ల బ్రిటన్ ఆఫీసులో ఎవరో కాలిన ముక్కని పారదర్శక పిరమిడ్‌లో పోతపోశారు. అందులో ఇంగ్లీషు పేరు (Indiana) మొదటి రెండు అక్షరాలు కాలిపోయి ‘డయానా జోన్స్’ అని మిగిలింది. 2001 నుంచి అదే ట్రోఫీ. విభాగాలు లేవు, ఏడాదికి సాధారణంగా ఒకటే. ఆట కావచ్చు, మనిషి, సంస్థ, ఒక ఉద్యమం కూడా కావచ్చు. కమిటీ సభ్యుల్లో చాలామంది పేర్లు బయటపెట్టరు. ప్రజాస్వామ్యం లేదు, ప్రచారం పనిచేయదు. ‘ఉత్తమ రూల్స్’, ‘ఉత్తమ బొమ్మలు’ అని ముక్కలు చేయకుండా మొత్తంగా ఆట లోకాన్ని ఏది ముందుకు నెట్టిందో అడగడం నాకు నచ్చుతుంది. ఒక్కోసారి వాళ్లతో అస్సలు ఒప్పుకోను, అది వేరే సంగతి.

ఎనిమిదో మెట్టు: తీర్పు రాసి పెట్టుకోండి

నోట్‌బుక్‌లో ఒక పేజీ చాలు. పైన ఆట ఇచ్చిన మాట. కింద దాన్ని నిలబెట్టిన రూల్ ఒకటి, దెబ్బతీసిన రూల్ ఒకటి, పేజీ నంబర్లతో. ‘సరదాగా ఉంది’ అని రాయకూడదు. ఏ క్షణంలో, ఎవరు, ఏం చేశారో రాయాలి. ‘బావ 5 రాసుకున్నాడు, ఇంజిన్‌ని బంగారం అన్నాడు’ అన్న ఒక్క లైను మూడేళ్ల తర్వాత కూడా నాకు మొత్తం సాయంత్రాన్ని తెచ్చిపెడుతోంది. పదికి ఇన్ని మార్కులు అన్న పద్ధతి మానేశాను. టెన్ క్యాండిల్స్‌కీ మౌస్‌రిటర్‌కీ ఒకే స్కేలు పెట్టడం కష్టం.

ఆరు నెలల తర్వాత ఆ పేజీ మళ్లీ తీయండి. రూల్స్ మర్చిపోయి ఉంటారు. ఏ సన్నివేశం గుర్తుందో పక్కన ఇంకో రంగు పెన్నుతో రాయండి.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. లేజర్స్ అండ్ ఫీలింగ్స్ ఒక్క పేజీ, ఉచితం. అదే రచయిత 2009 నాటి ‘లేడీ బ్లాక్‌బర్డ్’ కూడా ఉచితమే. పాత్రలు, ఓడ, చిక్కు అన్నీ సిద్ధంగా ఉంటాయి కాబట్టి కూర్చున్న పది నిమిషాల్లో ఆడొచ్చు. రెండూ ఒకే వారం ఆడి, రెండు పేజీలు రాసి, వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. డ్రెడ్ కావాలంటే ఇంట్లో పిల్లల జెంగా ఉండే ఉంటుంది, ఒక్క చెక్క కూడా తప్పిపోలేదేమో ముందు లెక్కపెట్టుకోండి. మా పెట్టెలో 54కి 51 ఉన్నాయి, గోపురం మొదటి పది నిమిషాల్లోనే కూలింది.